ఎదుటి కుర్చీ ఖాళీగా ఉన్న ఇల్లు: ‘ది ఫార్మర్స్ వైఫ్’ (1928)

పర్లాకిమిడిలో మా ఇంట్లో ఈ నెలలో ‘ది ఫార్మర్స్ వైఫ్’ అనే ఇంగ్లీషు మూగచిత్రాన్ని రెండుసార్లు చూశాను. మొదటిసారి ఒక్కదాన్నే, బాగా పాడైపోయిన ప్రతిలో చూశాను. రెండోసారి మా మేనత్తతోనూ పక్కింటి ఒడియా మావుసి (పిన్ని)తోనూ కలిసి కూర్చుని, శుభ్రం చేసిన ప్రతిలో చూశాను. మొదటిసారి చూసిన తర్వాత రాయాలనుకున్న మాటలలో సగం ఇప్పుడు రాయలేను, ఆ రెండింటికీ మధ్య అంత తేడా ఉంది. భార్య పోయిన ఒక మోతుబరి రైతు మారుపెళ్ళి కోసం ఊరంతా తిరిగే ఈ కథ పైకి హాస్యమే. కానీ ఒక ఇంటిని నిజంగా నడుపుతున్నది ఎవరు, ఆ మనిషి ఆ ఇంటి యజమాని కంటికి ఎందుకు ఆనదు అనే విషయాన్ని ఇంత ఓపికగా చూపించిన చిత్రాన్ని నేను ఈ మధ్యకాలంలో చూడలేదు.

దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. 1928లో ఈ చిత్రం విడుదలయ్యేనాటికి ఆయనకు ఇంకా ముప్పై ఏళ్ళు నిండలేదు. ఆయన పేరు వినగానే మనకు హత్యలు, అనుమానాలు, ఊపిరి బిగబట్టి చూసే సన్నివేశాలు గుర్తుకు వస్తాయి గనుక, ఆవులు, గుర్రాలు, వంటిల్లు, పెళ్ళివిందు ఉన్న పల్లెటూరి ప్రేమకథను కూడా ఆయన తీశాడని చెబితే చాలామంది నమ్మరు. దీనికి మూలం ఈడెన్ ఫిల్‌పాట్స్ రాసిన నాటకం. 1916లో బర్మింగ్‌హామ్ రెపర్టరీ థియేటర్‌లో మొదటిసారి ఆడిన ఈ నాటకం, 1924లో లండన్‌లోని కోర్ట్ థియేటర్‌కు చేరిన తర్వాత అక్కడ 1,300కు పైగా ప్రదర్శనలకు నోచుకుంది. ఆ రచయిత 1862లో మన దేశంలోనే, రాజస్థాన్‌లోని మౌంట్ అబూలో పుట్టాడు. ఆ తర్వాత ఇంగ్లండు నైరుతి మూలనున్న డెవన్‌లో స్థిరపడి, అక్కడి డార్ట్‌మూర్ బీడుభూముల చుట్టూ ఉన్న పల్లెల మీద వరసగా నవలలు రాశాడు. డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ రాయడం మొదలుపెట్టిన రోజులలో ఆమె రాతలు చదివి ప్రోత్సహించిన పొరుగింటి పెద్దమనిషి కూడా ఈయనే.

కథ చిన్నది. డెవన్‌లో శామ్యూల్ స్వీట్‌లాండ్ అనే రైతు భార్య చనిపోతుంది. పోతూపోతూ ఆమె ఇంటి పనులు చూసుకునే మింటాను దగ్గరకు పిలిచి, అయ్యగారి లోదుస్తులను బాగా ఆరబెట్టడం మరచిపోవద్దని చెబుతుంది. కొంతకాలానికి కూతురి పెళ్ళి అవుతుంది. పిల్ల అత్తారింటికి వెళ్ళిపోయాక, పొయ్యి దగ్గర ఎదురెదురుగా ఉండే రెండు కుర్చీలలో ఒకటి ఖాళీగా ఉన్న సంగతి స్వీట్‌లాండ్ మనసును తొలుస్తుంది. మళ్ళీ పెళ్ళి చేసుకుందామని నిశ్చయించి, మింటా చేతనే చుట్టుపక్కల ఉన్న తగిన ఆడవాళ్ళ పేర్లు రాయిస్తాడు. తరువాత మంచి బట్టలు తొడుక్కుని ఒక్కొక్కరి దగ్గరకే వెళతాడు. వేటకుక్కలతో గుర్రమెక్కి తిరిగే స్వతంత్రురాలైన వితంతువు లూయీసా విండియట్, మగవాడి మాట వింటేనే వణికిపోయే థర్జా టాపర్, తపాలా కార్యాలయం నడిపే మేరీ హెర్న్, సారాయి అంగడిలో పనిచేసే మెర్సీ బాసెట్ అనే నలుగురూ ఒకరి తరువాత ఒకరు కాదంటారు. ముగింపు ఏమవుతుందో మొదటి పావుగంటలోనే ఎవరికైనా తెలిసిపోతుంది, అందువల్ల దాన్ని దాచవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

మా మేనత్తకు ఇంకా త్వరగా తెలిసిపోయింది. పేర్ల జాబితా రాసే చోటనే ఆవిడ మంచం మీది నుంచి లేచి ముందుకు జరిగి, “సంకలో పిల్లనెట్టుకుని ఊరంతా ఎతికినట్టుంది ఈ మనిషి యవ్వారం. ఆ గుంట ఎదరే ఉన్నాది కదేటి!” అన్నది. చిత్రం మొత్తాన్ని ఇంతకంటె తక్కువ మాటలలో నేను చెప్పలేను. అయితే తెలిసిన ముగింపు కోసం రెండు గంటలకు దగ్గరగా కూర్చోబెట్టాలంటే దర్శకుడి చేతిలో మరేదో ఉండాలి. ఇక్కడ ఉన్నది ఆ కుర్చీ.

ఆ కుర్చీని హిచ్‌కాక్ వాడుకున్న తీరు గురించి కొంత వివరంగా చెప్పాలి. పేర్లు రాస్తున్నప్పుడు స్వీట్‌లాండ్ తన కుర్చీలో కూర్చుని ఎదుటి కుర్చీ వైపు చూస్తాడు. మనసులో అనుకుంటున్న స్త్రీ అందులో నీడలాగా ప్రత్యక్షమై, కాసేపు కూర్చుని, మాయమవుతుంది. ఆవిడ వెంటనే మరొకరు వస్తారు. ఇది ఒక దృశ్యం మీద మరొక దృశ్యాన్ని ముద్రించే ఆ కాలపు కెమెరా పని. ఛాయాగ్రాహకుడు జాక్ కాక్స్. నాటకంలో ఈ పేర్ల మీద మాటలు నడుస్తాయి, జనం మాటలకు నవ్వుతారు. మూగచిత్రంలో మాట లేదు కాబట్టి, ఒక మగవాడు తనకు కావలసిన భార్యను ఎలా ఊహించుకుంటాడో కంటికి చూపించవలసి వచ్చింది. ఒక్కొక్క స్త్రీనీ ఆమె ఇంట్లో, ఆమె పనిలో ఉన్నట్టుగా అతను ఊహించడు. తన పొయ్యి దగ్గర, తన ఎదుట, తన కుర్చీలోనే ఊహిస్తాడు. ఆ నలుగురూ ఎందుకు కాదంటారో ఆ ఒక్క సన్నివేశంలోనే ఉంది. చివరకు అతను అవమానాలన్నీ మోసుకుని ఇంటికి వచ్చి అదే చోట కూలబడినప్పుడు, ఎదుటి కుర్చీలోకి ఊహలు మళ్ళీ వచ్చి మళ్ళీ చెదిరిపోతాయి. ఆ తర్వాత అందులో కనిపించేది నీడ కాదు, నిజంగా కూర్చున్న మింటా. ఆ క్షణంలో మా ముగ్గురిలో ఎవరమూ మాట్లాడలేదు.

మింటాగా నటించిన లిలియన్ హాల్ డేవిస్‌ను నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే. మూగచిత్రాలలో నటులు కళ్ళు పెద్దవి చేసి, చేతులు విసిరి, గుండె పట్టుకుని నటిస్తారన్న అభిప్రాయం మనలో ఉంది. ఈమె అలాంటివేవీ చేయదు. యజమాని ఒక్కొక్క పేరు చెబుతుంటే కాగితం మీద రాస్తూ, రాసిన తర్వాత ఒక క్షణం ఆగి, ఏమీ పట్టనట్టు తలెత్తుతుంది. ఆ ఆగడంలోనే ఆమె మనసు తెలిసిపోతుంది. ఇక లోదుస్తులు ఆరబెట్టే పని మొదట నవ్వు కోసం పెట్టినట్టే ఉంటుంది. చనిపోయిన యజమానురాలి చివరి మాటను ఆమె అంత నిష్ఠగా పాటించడం చూసిన కొద్దీ, ఇంటి బరువు చేతులు మారిన ఘట్టం అదేనని అర్థమవుతుంది.

ఇక్కడ మా మేనత్త సంగతి కొంత చెప్పాలి. మా పెద్దనాన్నకు భార్య పోయిన తర్వాత ఆయన ఇంటిని ఏళ్ళ తరబడి నడిపింది ఈవిడే. కాశీనగర్ అవతల ఉన్న ఆ ఇంటి అరుగు మీద రెండు చేతుల కుర్చీలు ఉండేవి, ఒకటి పెద్దనాన్నది, రెండోది పెద్దమ్మది. పెద్దమ్మ పోయాక ఆ రెండో కుర్చీలో చుట్టాలు కూర్చునేవారు, కరణంగారు కూర్చునేవారు, పిల్లలం ఎక్కి తొక్కేవాళ్ళం. మేనత్త మాత్రం గడప మీదనే కూర్చుని బియ్యం ఏరుకునేది. చిత్రం జరుగుతున్నంతసేపూ ఆవిడ స్వీట్‌లాండ్ ముఖాన్ని పెద్దగా చూడలేదు. మింటా చేతుల వైపే చూస్తూ, “ఆ పిల్ల సేతులు సూడమ్మా, ఒక్క నిమిషం కాళీగా లేవు” అన్నది. నేను ఎన్నో సమీక్షలలో నటీమణుల కళ్ళ గురించి చదివాను గానీ, చేతుల గురించి ఎవరూ చెప్పగా వినలేదు. రెండోసారి వెనక్కి తిప్పి చూసినప్పుడు ఆవిడ మాట నిజమేనని నాకూ అర్థమైంది.

మిగిలిన నటులలో గార్డన్ హార్కర్ చేసిన చర్డిల్స్ యాష్ అందరి కంటె ముందు నిలుస్తాడు. స్వీట్‌లాండ్ దగ్గర పనిచేసే ఈ ముసలి పాలేరు పెళ్ళి అన్న మాట వినబడితే చాలు మూతి ముడుచుకుంటాడు. థర్జా ఇంటి విందులో అతనికి అతిథులను లోపలికి ఆహ్వానించే పని అప్పగించి, ఒంటికి సరిపోని కోటు తొడిగిస్తారు. జారిపోతున్న లాగును ఒక చేత్తో పట్టుకుని అతను పడే అవస్థకు మా మావుసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ పాత్రనే 1924లో రంగస్థలం మీద సెడ్రిక్ హార్డ్‌విక్ పోషించి గొప్ప పేరు సంపాదించుకున్నాడు. స్వీట్‌లాండ్‌గా జేమ్సన్ థామస్ తన పని తాను చేశాడు.

నాటకం నుంచి తీసిన చిత్రం కాబట్టి భాష సంగతి వదిలిపెట్టలేను. ఫిల్‌పాట్స్ తన మనుషుల చేత లండన్ ఇంగ్లీషు మాట్లాడించలేదు. వాళ్ళు డెవన్ పల్లె మాటలే మాట్లాడతారు, అక్షరాలు మింగుతారు, వ్యాకరణాన్ని తమకు కావలసినట్టు తిప్పుకుంటారు. మూగచిత్రం అయినా తెర మీద వచ్చే రాతపలకలలో ఆ యాసను చెడగొట్టకుండా ఉంచారు. తన మనసులో ఒకరిద్దరు ఆడవాళ్ళు ఆదివారం భోజనం వాసన లాగా తిరుగాడుతున్నారని స్వీట్‌లాండ్ చెప్పుకుంటాడు. కల్లు తాగడం కంటె ప్రేమలో పడడమే మనిషికి ఎక్కువ చేటు అన్న అర్థం వచ్చే మాటను యాష్ అంటాడు.

ఈ పలకలను నేను మొదట మా వాళ్ళకు పుస్తకాల తెలుగులో చదివి వినిపించాను. “ఒకరిద్దరు మహిళలు నా తలంపులలో సంచరిస్తున్నారు” అని చదివితే మేనత్త ముఖంలో ఏ కదలికా లేదు. రెండోసారి అదే మాటను “ఆదోరం కోడికూర వోసన్నాగ ఇద్దరు ఆడోళ్ళు నా బుర్రలో తిరుగుతున్నారు” అని చెప్పేసరికి ఆవిడ పడిపడి నవ్వింది. మావుసి కోసం మళ్ళీ దాన్నే ఒడియాలో చెప్పాను. గిడుగు రామమూర్తి పంతులుగారు బతుకులో ఎక్కువ భాగం గడిపిన ఊరు ఇది. సవర భాషకు వ్యాకరణం రాసి, జనం మాట్లాడే తెలుగును బడిలోకి తేవాలని పోరాడి, పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన 1936లో రాజమండ్రికి తరలిపోయిన ఆయన 1863లో పుట్టారు. డెవన్ యాసకు రంగస్థలం మీద పీట వేసిన ఫిల్‌పాట్స్ ఆయన కంటె ఒక్క ఏడాది పెద్ద. ఒకరికొకరు తెలియని ఈ ఇద్దరూ ఒకే కాలంలో పల్లె మాటకు మర్యాద కోరారన్న ఆలోచన ఈ ఊళ్ళో కూర్చుని ఆ పలకలు చదువుతుంటే నాకు రాకుండా ఉండలేదు.

ఇంత ఇష్టపడిన చిత్రంలో నాకు మింగుడుపడని విషయాలు కూడా ఉన్నాయి, వాటిని దాచడం సరికాదు. మొదటిది, థర్జా ఇంటి విందు. పెళ్ళి మాట ఎత్తగానే థర్జా వణుకుతుంటే, ఆమె చేతిలోని పళ్ళెంలో ఉన్న జెల్లీ కూడా వణుకుతుంది. ఒకసారి చూస్తే చక్కని హాస్యం. కానీ ఆ విందు అక్కడితో ఆగదు. అతిథులు రావడం, తినడం, పాడడం, ఏడవడం, మళ్ళీ తినడం సాగుతూనే ఉంటుంది. అక్కడ కత్తెర పడవలసింది. రంగస్థలం మీద ప్రేక్షకుల నవ్వులు నింపే ఖాళీలను తెర మీద నింపేది ఏమీ లేక ఆ భాగం బరువెక్కింది.

రెండోది దీనికంటె పెద్ద తప్పు. పెళ్ళి కాకుండా వయసు మీద పడిన స్త్రీలను, లావుగా ఉన్న స్త్రీలను ఈ చిత్రం నవ్వులపాలు చేస్తుంది. మేరీ హెర్న్ కాదన్నప్పుడు స్వీట్‌లాండ్ ఆమె వయసునూ వేషాన్నీ ఎత్తిపొడిచి అవమానిస్తాడు. ఆమె గట్టిగా ఏడిస్తే ఆ ఏడుపును కూడా నవ్వుల కిందనే చూపించారు. సొంత సంపాదనతో బతుకుతున్న ఆ మనిషి దుఃఖం నాకు నవ్వు తెప్పించలేదు. చివరన ఆమె, థర్జా ఇద్దరూ మనసు మార్చుకుని అతని గడప తొక్కడం, అప్పటికే అతను మింటాను ఎంచుకుని ఉండడం చూస్తే, కాదన్న ఆడవాళ్ళకు శిక్ష వేసినట్టే అనిపిస్తుంది. నిజంగా గౌరవం దక్కింది లూయీసా ఒక్కతికే. ఆమె నవ్వుతూ కాదంటుంది, గుర్రమెక్కి తన దారిన తాను పోతుంది, తిరిగి రాదు.

మూడోది మా మేనత్త అడిగిన ప్రశ్న. అంతా అయిపోయి, మింటా మంచి గౌను తొడుక్కుని మెట్లు దిగి వచ్చి, అందరూ సంతోషిస్తున్న సమయంలో ఆవిడ నా వైపు తిరిగి, “ఇన్నాళ్ళూ ఆ పిల్లకి జీతమెంత ఇచ్చీవోడు?” అని అడిగింది. చిత్రంలో ఆ సంగతి ఎక్కడా లేదన్నాను. “పెళ్ళయ్యాక ఇంకివ్వడు కదా” అని, కాసేపాగి, “ఆ కుర్చీ అయితే ఇచ్చాడు” అన్నది. నాకు తోచిన విమర్శ ఇంకోటి దీని పక్కనే నిలుస్తుంది. మిగిలిన నలుగురికీ కాదనే అవకాశం ఉంది, కాదన్నారు. మింటా అతని ఇంట్లో, అతని జీతం మీద ఉన్న మనిషి. ఆమె ఔననడం ప్రేమ వల్లనేనని హాల్ డేవిస్ ముఖం మనకు నమ్మకంగా చెబుతుంది గానీ, కాదంటే ఆమె ఎక్కడికి వెళ్ళేదన్న ప్రశ్నను కథ తన దగ్గరకు కూడా రానివ్వదు.

చూడదలచుకున్నవారు ఏ ప్రతిని చూస్తున్నారన్న విషయంలో జాగ్రత్త పడాలి. నేను మొదట కొన్న డిస్క్‌లో బొమ్మ బూడిద రంగులో కలిసిపోయి, మనుషుల తలలు పైన తెగిపోయి, నడక పరుగులాగా కనిపించింది. వెనక ఎక్కడిదో సంబంధం లేని సంగీతాన్ని అతికించారు, అది పెళ్ళిలోనూ చావులోనూ ఒకే రకంగా మోగుతూనే ఉంది. అమ్మినవారిని అడిగితే పాత సినిమా అంటే అలాగే ఉంటుందన్నారు. అలా ఉండదు. మూగచిత్రాలను నేటి వేగం కంటె తక్కువ వేగంతో తీసేవారు. వాటిని నేటి వేగంతో తిప్పితే మనుషులు గెంతుతున్నట్టు కనిపిస్తారు, నటన అంతా కోతిచేష్టలా తయారవుతుంది. హాల్ డేవిస్ ఆగిన ఆ ఒక్క క్షణం అలాంటి ప్రతిలో ఉండనే ఉండదు. మొదటిసారి నాకు ఈ చిత్రం నచ్చకపోవడానికి కారణం అదే. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు 2012లో హిచ్‌కాక్ తీసిన మూగచిత్రాలు తొమ్మిదింటిని బాగుచేయించారు, అందులో ఇదొకటి. ఆ ప్రతిలో పొలాల మీది వెలుగు, గోడల గరుకుదనం, పొయ్యి వెలుతురు పడిన ముఖాలు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. వేర్వేరు ప్రతులలో నిడివి వేర్వేరుగా ఉంటుంది కాబట్టి, కొనే ముందు అది బాగుచేసిన ప్రతి అవునో కాదో అడిగి తెలుసుకోవాలి. ఇదే కథను 1941లో మాటలతో మళ్ళీ తీశారు. మీకు కావలసింది హిచ్‌కాక్‌ది అయితే సంవత్సరం కూడా సరిచూసుకోవాలి.

ఈ చిత్రానికి ఐదు మార్కులకు నాలుగు ఇస్తాను. ఆ పోయిన ఒకటి మేరీ హెర్న్ కోసం.

వచ్చే ఆదివారం గుణుపురం నుంచి మావుసి చెల్లెలు వస్తున్నదట, ఆవిడకు కూడా చూపించమని అడిగారు. విందు సగంలో ఉండగా టీ పెట్టుకుందామని మేనత్త ఇప్పుడే నిర్ణయించేసింది. ఈసారి రాతపలకలను మొదటి నుంచీ ఆవిడ మాటలలోనే చదువుతాను.